ఏటికి వదిలిన నీళ్లను బత్తాయితో కొలవడం

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు చేశాను. గేటు సందుల్లోంచి కారే నీటిని కూడా రిజిస్టరులో ‘దిగువకు విడుదల’ అని రాసిన చేయి ఇది. అందుకే చెబుతున్నాను, ఆనకట్ట కింద ఏరు ఎండకుండా నీళ్లు వదలమని అధికారులను అడగబోయే ముందు, ఏటిలో ఉన్నవెన్నో మీరే కొలవండి.

ఆనకట్ట దిగువన వంపులు లేని చోట, మోకాలి లోతు పాయ చూసుకోండి. ఇసుక తవ్విన గుంతలుంటే దిగొద్దు. గేట్లు ఎత్తే రోజైతే అసలు వెళ్లొద్దు. 20 మీటర్ల ఎడంలో రెండు తాళ్లు అడ్డంగా కట్టి, పై తాడుకు కాస్త ఎగువన బత్తాయిని వదలండి. బెండుముక్కను గాలి నెట్టేస్తుంది. బత్తాయి చాలావరకు మునిగి నీటితోపాటే నడుస్తుంది. పై తాడు నుంచి కింది తాడుకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. అయిదుసార్లు వదిలి సగటు తీయండి. 50 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.4 మీటరు. పైనీరు అడుగునీటికన్నా జోరుగా పోతుంది కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. పాయ వెడల్పు 12 మీటర్లు, సగటు లోతు అర మీటరు అయితే, ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు రెండు ఘనపు మీటర్లు, అంటే సుమారు 72 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). గోదావరి అంత వెడల్పుకూ, సముద్రపు పోటు తగిలే చోటుకూ ఈ లెక్క పనికిరాదు.

ఇది ఎక్కువా, తక్కువా? ఎగువ గంగకు హరిద్వార్ దాకా 2018లో కేంద్రం పెట్టిన నియమం చూడండి. అంతకుముందు పది రోజుల సగటు ప్రవాహంలో నవంబరు నుంచి మార్చి వరకు 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం నదిలోనే ఉండాలి. మీ ఆనకట్టకు వచ్చిన నీరెంతో సమాచార హక్కు కింద రోజువారీగా అడిగి, మీ కొలతను పక్కన పెట్టి చూడండి.

ఎన్ని నీళ్లన్నది ఒక్కటే అడిగితే చాలదు, ఎప్పుడు వదలాలో కూడా అడగాలి. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదేది ఎర్రనీరు దిగే రోజుల్లోనే. ఆ వేళ తప్పాక ఎన్ని నీళ్లు వదిలినా దానికి అక్కరకు రావు.

గేట్లను మెల్లగా దించమని కూడా అర్జీలో రాయండి. ఓసారి పైనుంచి ఫోను రాగానే మేము గంటలో అన్నీ దించేశాం. తెల్లారి వెళ్లేసరికి ఇసుకలో పళ్లెమంత గుంటల్లో చేపపిల్లలు కొట్టుకుంటున్నాయి. కొంగలు మాకన్నా ముందే వచ్చి ఉన్నాయి.