నెల్లూరు టౌన్ ప్లానింగ్ సిబ్బందితో పని: ఫైలు కన్నా ముందు నేల

సోమవారం పొద్దున అరగంట చాలు. వార్డు ప్లానింగ్ కార్యదర్శులందర్నీ కూర్చోబెట్టి, ఏ ప్లాను అనుమతి ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఆగిందో అడగండి. ఎందుకు ఆగిందనేది మాత్రం తర్వాత విడిగా అడగాలి. అందరి ముందూ అడిగితే నిజం బయటికి రాదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది కొలతల మీద. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే 6.05 అంకణాలు. సెంటుకి ఆరు అంకణాలని నోటిలెక్క వేస్తే ఎకరాకి 5 అంకణాలు తేడా వస్తుంది. అది చివరికి రోడ్డు వెడల్పులోనో ఖాళీ స్థలంలోనో తేలుతుంది. అందుకే దస్తావేజులో అంకణాలున్నా, ఫైల్లో చదరపు మీటర్లలోకి మార్చిన లెక్క పక్కనే ఉండాలి.

స్థల పరిశీలనకి ఇద్దర్ని పంపండి, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలూ టేపూ చేతికిచ్చి. నాలుగు భుజాలతో పాటు కర్ణం కూడా కొలవాలి. భుజాలు సరిపోయినా స్థలం ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు, అప్పుడు విస్తీర్ణం తగ్గుతుంది.

చెరువు కింద పొలాల్లో లేఅవుటు అయితే పంటకాలువ ఎటు పారుతుందో నేల మీద చూసి గీయించండి. మే నెలలో ఎండి, పూడిపోయిన కాలువ మామూలు బాటలా కనబడుతుంది. దాన్ని రోడ్డుగా చూపిస్తే నవంబరు వానలకి నీళ్లు ఇళ్లలోకొస్తాయి. ఇరిగేషన్ వాళ్ల అభిప్రాయం లేకుండా ఆ ఫైలు కదలనివ్వొద్దు.

ఏ ఫైలైనా తిరస్కరిస్తే కారణాలన్నీ ఒక్కసారే రాయించండి.