పదేపదే, పునరుక్తి, ఊకదంపుడు: ఎక్కడ ఏ మాట వాడాలి

ఒకటి మళ్లీ వచ్చిందని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. చిక్కంతా ఒకదాని చోట ఇంకొకటి వాడడంతోనే. రాసేముందు రెండు సంగతులు తేల్చుకోండి: మళ్లీ వచ్చింది సంఘటనా, మాటా, వస్తువా? అలా రావడం వల్ల ప్రయోజనం ఉందా, విసుగే మిగిలిందా?

"మళ్లీమళ్లీ"లో మంచీ చెడూ లేవు. మళ్లీమళ్లీ చదవాలనిపించే పుస్తకమూ ఉంటుంది. "పదేపదే" అనగానే ఒత్తిడి తోడవుతుంది: పదేపదే హెచ్చరించారు. "మాటిమాటికీ"లో విసుగుంది. "చీటికీమాటికీ"లో ఆ విసుగుతోపాటు కారణం చిన్నదన్న తీర్పు కూడా ఉంది. అందుకే భూకంపాలు చీటికీమాటికీ వస్తున్నాయంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, "తరచూ" చాలు. "అడపాదడపా" అంటే అప్పుడప్పుడూ అని, తరచూ అని కాదు. లెక్క తప్పకుండా తిరిగొచ్చేది ఆవర్తనం: 1/7ను దశాంశంగా రాస్తే 142857 అనే వరుసే తిరిగి తిరిగి వస్తుంది, కాబట్టి అది ఆవర్తన దశాంశం.

ఇక ఉపన్యాసాలూ వ్యాసాల సంగతి. అందరూ నమిలేసిన విషయాన్నే మళ్లీ నమిలితే చర్వితచర్వణం. పిండినే మళ్లీ రుబ్బినట్టు, తేలిపోయినదాన్ని మళ్లీ తేల్చబోతే పిష్టపేషణం. ఒకే మనిషి అవే మాటలు వల్లిస్తుంటే అరిగిపోయిన రికార్డు. ఊకదంపుడు వీటిలో చేరదు. ఊకను ఎంత దంచినా బియ్యం రాలవు, అంటే అక్కడి లోపం సరుకు లేకపోవడం. ఒక్క మాటా రెండోసారి రాకుండానే ఉపన్యాసం ఊకదంపుడు కావచ్చు.

పునరుక్తిని పట్టడానికి ఒక మాట తీసేసి చదవండి. అర్థం చెక్కుచెదరకపోతే ఆ మాట దండగ. ఈ వాక్యం చూడండి:

"ఆగిన పనులను తిరిగి పునఃప్రారంభించి, ప్రతి ఇంటింటికీ సుమారు 200 లీటర్ల వరకు నీరిస్తారు."

"పునః" అన్నా "తిరిగి" అన్నా ఒకటే. "ఇంటింటికీ"లోనే "ప్రతి" ఉంది. "సుమారు... వరకు" జంట ఇంకా చెడ్డది. మొదటిది ఉజ్జాయింపు, రెండోది గరిష్ఠ పరిమితి. 210 లీటర్లు ఇస్తారో ఇవ్వరో చదివేవారికి తేలదు. ఇలా దిద్దండి: "ఆగిన పనులను మళ్లీ మొదలుపెట్టి, ఇంటింటికీ సుమారు 200 లీటర్ల నీరిస్తారు."

అయితే కత్తెర పట్టుకుని "ఇంటింటికీ"ని "ఇంటికి" చేయకండి. ఇలా ఒకే మాట రెండుసార్లు వస్తే ద్విరుక్తం, అందులో రెండో మాట ఆమ్రేడితం. ఇది దోషం కాదు, తెలుగుకు ప్రాణం. "ఇద్దరు వచ్చారు" వేరు, "ఇద్దరిద్దరుగా వచ్చారు" వేరు. చివర, చివర కలిస్తే చిట్టచివర. పగలు, పగలు కలిస్తే పట్టపగలు. బయలు, బయలు కలిస్తే బట్టబయలు. మాట రెట్టించినందువల్లే ఆ బలం వచ్చింది.

వస్తువుల దగ్గర పొరపాట్లు ఖరీదైనవి. జాబితాలో ఒకే పేరు రెండు చోట్ల ఉంటే "నకిలీ పేరు" అని రాసేస్తుంటారు. నకిలీ అంటే దొంగది. అసలుకు ప్రతి అయితే నకలు. ఇక్కడ రెండూ కావు కాబట్టి "రెండుసార్లు నమోదైన పేరు" అని విడమరచాలి. యంత్రాల్లోనూ అంతే. విమానంలో ఒక హైడ్రాలిక్ వ్యవస్థ పాడైతే ఆదుకోవడానికి ఇంకొకటి పెడతారు. ఇంగ్లిష్‌లో దాన్ని "రిడండెంట్" అంటారు. ఆ మాటను "అనవసరం" అని అనువదిస్తే అర్థం తలకిందులైనట్టే. "అదనపు" అన్నా ఎందుకోసమో తెలియదు. "మొదటిది ఆగితే పనిచేసే రెండో వ్యవస్థ" అని రాయండి, నాలుగు మాటలు ఎక్కువైనా సరే.