అన్నం మానేసినా బరువు తగ్గట్లేదా? పాలు ఆపి చూడండి

అన్నం, చపాతీలు తగ్గించినా బరువు ఒకేచోట ఆగిపోయిందని టెన్షన్ పడుతున్నారా? మూడు వారాలు పాలు, పెరుగు, పనీర్, చీజ్ మానేసి చూడండి. నాకు ఆగిన బరువు మళ్లీ కదిలింది అలాగే.

రోజూ తిన్న పిండిపదార్థాల (కార్బ్స్) లెక్క రాసుకునేటప్పుడు మనం టీలో పాలను మర్చిపోతాం. 100 మి.లీ. పాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అంటే రోజంతా టీల్లో కలిపి 400 మి.లీ. పాలు తాగితే 20 గ్రాములు. పంచదార వేయకపోయినా సరే! పనీర్‌లో పిండిపదార్థం తక్కువే కానీ, 100 గ్రాములకు 250 కేలరీలు దాటుతాయి. లో కార్బే కదా అని గిన్నెడు తినేస్తాం.

అన్నిటికంటే కష్టం పెరుగు మానడం. చివర్లో పెరుగు లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు మనకి. ఆ చోటులో నేను ఒక గ్లాసు వేడి మిరియాల చారు పెట్టుకున్నాను, నాలుగో రోజుకి అలవాటైపోయింది. టీకి బదులు అల్లం, నిమ్మరసం వేసిన డికాషన్.

కాల్షియం తగ్గకుండా కూరల్లో నువ్వుల పొడి చల్లుకోండి, చేపలు తినేవాళ్లు ముళ్లతో సహా నెత్తళ్లు తినండి. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.