సీలర్ అంటే పెయింట్ కాదు

జీడిమెట్లలో పైపులకు లోహపు పూత వేసే మా షెడ్డుకు కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ ఒకటే తప్పు చేస్తాడు. పూతలోని రంధ్రాలు నింపే పలచటి ద్రవమైన సీలర్‌ను పెయింట్ అనుకుని మందంగా కొట్టి, అది నిగనిగలాడుతుంటే మురిసిపోతాడు.

రిఫైనరీ పైపులకు, కరెంటు మెరుపుతో లోహపు తీగను కరిగించి చిమ్మే ఆర్క్ గన్‌తో 200 నుంచి 300 మైక్రాన్ల అల్యూమినియం పూత వేస్తాం. కరిగిన లోహం తుంపరలుగా పడి ఒకదాని మీద ఒకటి అతుక్కుంటుంది, మధ్యలో సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. చూడ్డానికి గట్టిగా ఉన్నా అదొక కొత్త కుండే, తడి తగిలితే పీలుస్తుంది. సముద్రపు ఉప్పు తేమకు, ఇన్సులేషన్ కింద చేరే నీళ్లకు దారి దొరక్కుండా సీలర్‌తో ఆ రంధ్రాలు నింపాలి.

పనిలో ఉన్నప్పుడు పైపు వేడి 120 డిగ్రీల లోపైతే మేం ఎపాక్సీ సీలర్ వాడతాం, దాటితే సిలికాన్. కొన్ని సిలికాన్ రకాలు వేడి తగిలితేగానీ గట్టిపడవు, డబ్బాతో వచ్చే కాగితం చదవండి.

పూత పడ్డాక దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పుంటుంది. సీలర్ అదే షిఫ్టులో పడిపోవాలి. ఒక జూలైలో "పొద్దున చూద్దాంలే" అని ఆరు స్పూళ్లు (అమర్చడానికి సిద్ధం చేసిన పైపు ముక్కలు) వదిలేసి వెళ్లాం. రాత్రి వాన. పొద్దునకు పైకి పొడిగానే ఉన్నాయి, సీలర్ కొట్టేశాం. మధ్యాహ్నం ఎండెక్కేసరికి ఆవగింజలంత పొక్కులు! ఆరూ మళ్లీ బ్లాస్టింగ్‌కే, అంటే గరుకు రేణువులు చిమ్మి పూతంతా గీకేయడానికే. అప్పట్నుంచి, ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాల్లోని తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోతే గన్ ముట్టుకోనివ్వను.

థిన్నర్ డేటాషీట్‌లో రాసినంతే కలిపి, పూత మీద ఒక్క చుక్క వేసి చూడండి. అంచులు పాకి, చుక్క ఇంకిపోయి తడి మరక మిగిలితే మంచిది. పూసలా నిలబడిందంటే సీలర్ చిక్కగా ఉన్నట్టు, లేదా పూత మీద దుమ్ము పట్టినట్టు. తర్వాత పలచగా కొడుతూ పోండి. పీల్చడం ఆగి, తడి పైనే నిలవడం మొదలవగానే ఆపేయాలి. వెల్డ్ అంచులకు, ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులు బిగించే చక్రం) వెనక్కి గన్ సరిగ్గా అందదు, అక్కడ బ్రష్ వాడండి. థిన్నర్ ఆవిరి ఉన్నంతసేపు పక్కన ఆర్క్ వెలిగించొద్దు.

1984లో నార్త్ సీలో నిలిపిన హటన్ చమురు ప్లాట్‌ఫాంను సముద్రం అడుగుకు కట్టి ఉంచే టెథర్లకు కూడా అల్యూమినియం పూత, దాని మీద సీలరే. "ఇంకో మందపాటి కోటు వేయండి" అని కస్టమర్లు అడుగుతూనే ఉంటారు. ఆ పెయింట్ కింద తేమ చిక్కుకుంటే అల్యూమినియం తెల్లగా పొంగి పెయింట్‌ను లేపేస్తుంది. అందుకే వాళ్లకు గేజ్ ఇచ్చి, సీలర్‌కు ముందు, తర్వాత మందం వాళ్లనే కొలుచుకోమంటాను. తేడా పెద్దగా కనపడకపోతే పని సరిగ్గా జరిగినట్టే.