పిల్లల్ని క్యారల్స్‌కి తీసుకెళ్తున్నారా?

మా గుంటూరు వైపు క్యారల్స్ అంటే, క్రిస్మస్ ముందు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడే డిసెంబరు రాత్రులే. చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు వెనకాల పాడుతూ నడిచేవాణ్ణి, ఇప్పుడు మా చర్చి పిల్లల్ని నేనే తీసుకెళ్తున్నాను.

పాటలు నాలుగైదు చాలు, కానీ చరణాలన్నీ నోటికి రావాలి. మన పాత కీర్తనలకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి. డోలక్ వాయించేవాళ్లకు ఆ తాళం ముందే చూపించండి. శ్రుతి పిల్లల గొంతుకి సరిపోయేలా పెట్టండి. మరీ పైన ఎత్తుకుంటే మూడో ఇంటికే గొంతులు పోతాయి.

మంచుకి డోలక్ చర్మం వదులైపోతుంది. మా నాన్న దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చేవారు. చితుకుల మంటకి కాస్త దూరంగా పట్టుకుని, తిప్పుతూ వేడి చేసి, వేలితో కొట్టి విని, “ఊఁ, ఎత్తుకోండి” అనేవారు. మీరూ అలాగే చేయండి, ఆ మోతే వేరు!

క్యారల్స్‌లో పట్టుకెళ్లే నక్షత్రానికి వెదురు పుల్లలు, రంగు కాగితం, లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు సరిపోతాయి.

ముసలివాళ్ల ఇళ్లకు ముందు వెళ్లండి, పాపం నిద్రపోతారు. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇల్లు మాత్రం వదలొద్దు. అక్కడ డోలక్ పక్కన పెట్టి, నెమ్మదైన పాట ఒక్కటి పాడి, ప్రార్థన చేసి రండి.

అరిసెలు, కేకులు సంచిలో వేసుకుని చివర్లో తినండి. కానుకలు ఆ రాత్రే ఇద్దరు పెద్దవాళ్లు లెక్కపెట్టి రాసుకోవాలి.