సెర్జియో సొల్లిమాను చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం

పోయిన పాఠంలో ఇటాలియన్ దర్శకుడు సొల్లిమా తీసిన కౌబాయ్ సినిమా ‘ది బిగ్ గన్‌డౌన్’ (1966) చూడమన్నాను. చూసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: "బాగుంది కానీ లియోనే అంత లేదండీ." (సెర్జియో లియోనే అంటే ఇలాంటి సినిమాలకే పేరుపడ్డ మరో ఇటాలియన్ దర్శకుడు.) అందుకే సొల్లిమా క్రైమ్ సినిమాలను వచ్చే వారానికి జరిపి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

లియోనేని కాసేపు పక్కన పెట్టండి. ఆయన ‘డాలర్’ కౌబాయ్ సినిమాల్లో క్లింట్ ఈస్ట్‌వుడ్ మొదట ఎలా ఉంటాడో చివరికీ దాదాపు అలాగే ఉంటాడు. సొల్లిమా అలా కాదు. తన మీద తనకు గట్టి నమ్మకమున్న మనిషిని పట్టుకొచ్చి, ఆ నమ్మకాన్ని కొంచెం కొంచెంగా ఊడగొడతాడు. ‘బిగ్ గన్‌డౌన్’లో లీ వాన్ క్లీఫ్ వేసిన కార్బెట్‌నే చూడండి, నేరస్తులను వేటాడి పట్టేవాడు. సెనేటర్‌ని చేస్తానని ఆశపెట్టి, చిన్నపిల్లను చంపాడంటూ కుచిల్లో అనే మెక్సికన్ పేదవాడి మీదికి అతన్ని ఉసిగొల్పేది బ్రాక్‌స్టన్ అనే రైల్వే ఆసామి. కుచిల్లో దొరుకుతాడు, జారిపోతాడు, మళ్లీ దొరుకుతాడు, మళ్లీ జారిపోతాడు. "ఒకటే రిపీట్" అని విసుక్కున్నారు కొందరు. అసలు కథే అదండీ! వాడు జారిపోయిన ప్రతిసారీ కార్బెట్ ధీమా కొంత జారుతుంది. హంతకుడు బ్రాక్‌స్టన్ అల్లుడేనని తేలేసరికి కార్బెట్ ఎటువైపు నిలబడాలో మనకు ముందే తెలిసిపోయి ఉంటుంది. లియోనే క్లోజప్‌ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇది కంటపడదు.

క్లైమాక్స్ మళ్లీ ఒకసారి పెట్టుకోండి. అల్లుడి చేతిలో పిస్తోలు, కుచిల్లో చేతిలో కత్తి. ఆ తర్వాత ఆస్ట్రియన్ బారన్‌తో కార్బెట్ పోటీ. బారన్ విందులో పియానో మీద వాయించిన బీతోవెన్ ‘ఫర్ ఎలీస్’ను సంగీత దర్శకుడు మొరికోనె ఈ పోటీ సంగీతంలో కలిపేశాడు. అది వింటుంటే డబ్బున్నవాళ్ల హాలు మొత్తం ఆ రాళ్ల మధ్యకు నడిచొచ్చినట్టుంటుంది.

మాటలకూ పెదాలకూ కలవడం లేదన్నవాళ్లకు: అప్పట్లో ఇటలీలో గొంతులన్నీ తర్వాత స్టూడియోలోనే చేర్చేవాళ్లు. నేను ఇటాలియన్‌లోనే చూస్తాను. అమెరికాలో కత్తిరించి వదిలిన చిన్న ప్రింటు జోలికి మాత్రం వెళ్లకండి.

అభ్యాసం: సొల్లిమాదే ‘ఫేస్ టు ఫేస్’ (1967) రెండుసార్లు చూడాలి. ఆరోగ్యం బాగాలేక అమెరికా పడమటి ప్రాంతానికొచ్చిన చరిత్ర ప్రొఫెసర్‌గా జాన్ మరియా వొలోంటే, బందిపోటుగా టోమస్ మిలియన్. మన కుచిల్లో కూడా ఈ మిలియనే. రెండోసారి సబ్‌టైటిల్స్ తీసేసి, ప్రతి సీన్‌లో ఎవరి మాట చెల్లుతోందో రాసుకోండి. ప్రొఫెసర్ మాట మొదటిసారి చెల్లిన సీన్ ఏదో, ఎన్నో నిమిషంలో వచ్చిందో పంపండి. అది తెలిస్తేనే వచ్చే వారం ఆయన క్రైమ్ సినిమా ‘రివాల్వర్’ (1973)లో, భార్యను ఎత్తుకెళ్లారని ఖైదీని బయటికి తెచ్చే జైలు అధికారిగా ఆలివర్ రీడ్ ఏం చేశాడో పట్టుకోగలుగుతారు.