డైమండ్, సీబీఎన్ గ్రైండింగ్ వీల్స్: ఎంపిక నుంచి డ్రెస్సింగ్ వరకు

సూపర్ అబ్రేసివ్ వీల్స్‌లో, అంటే అతి గట్టి రేణువులతో అరగదీసే గ్రైండింగ్ వీల్స్‌లో, ముఖ్యమైనవి రెండే రకాలు. ఒకటి డైమండ్, రెండవది క్యూబిక్ బోరాన్ నైట్రైడ్, అంటే షాపులో అందరూ సీబీఎన్ అనేది. వీటిలో ఏది కావాలన్నది జాబ్ (అరగదీసే వస్తువు) ఎంత గట్టిదన్న దానికంటే, అది దేనితో చేసినదన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. అన్నింటికంటే గట్టిది డైమండ్ కాబట్టి హార్డెనింగ్ చేసిన స్టీలుకూ అదే మేలని అనుకోవడం సహజమే గానీ, అలా వాడితే వీల్ చూస్తుండగానే మొద్దుబారిపోతుంది. డైమండ్ అంటే కార్బన్. గ్రైండింగ్ జరిగే చోట పుట్టే వేడికి ఆ కార్బన్ ఇనుములో కరిగిపోయి, రేణువుల మొనలు అరిగిపోతాయి. అందువల్ల కార్బైడ్, సెరామిక్, గాజు వంటి వాటికి డైమండ్‌ను, హార్డెనింగ్ చేసిన టూల్ స్టీలుకు, హైస్పీడ్ స్టీలుకు సీబీఎన్‌ను ఎంచుకోవాలి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాబర్ట్ వెంటార్ఫ్ తొలిసారి తయారుచేసిన ఈ సీబీఎన్ అల్యూమినియం ఆక్సైడ్ కంటే రెండింతలకు పైగా గట్టిది. పైగా ఇనుముతో కలవదు. అయితే స్టీలు మెత్తగా ఉంటే దీనివల్ల ప్రయోజనం లేదు. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 50కి పైబడిన స్టీళ్లలోనే దాని ఖరీదుకు తగిన ఫలితం కనిపిస్తుంది. కార్బైడ్ ముక్కను స్టీల్ షాంక్‌కు (టూల్ కాడకు) బ్రేజింగ్‌తో, అంటే మధ్యలో వేరే లోహాన్ని కరిగించి, అతికించిన టూల్ చేతికొస్తే, ముందు మామూలు వీల్‌తో షాంక్‌ను కొంత వెనక్కి అరగదీసి, ఆ తర్వాతే కార్బైడ్ మీదికి డైమండ్ వీల్‌ను తీసుకురావాలి.

రేణువు తర్వాత చూడవలసినది దాన్ని పట్టి ఉంచే బాండ్. రెజిన్ బాండ్ కొంత మెత్తనిది కావడంతో మొద్దుబారిన రేణువులను వదిలేసి కొత్తవాటిని బయటపెడుతుంది, చల్లగా కోస్తుంది. కార్బైడ్ టూల్స్ పదును పెట్టడానికి నేను ముందుగా సూచించేది దీన్నే. విట్రిఫైడ్ బాండ్‌లో సూక్ష్మరంధ్రాలు ఉండడం వల్ల కూలెంట్ (చల్లబరిచే ద్రవం) బాగా అందుతుంది, ఆకారం ఎక్కువసేపు నిలుస్తుంది కనుక ఒకే జాబ్‌ను వరుసగా చేసే సీబీఎన్ పనికి అది తగినది. మెటల్ బాండ్ గాజు, సెరామిక్ పనికి మన్నికైనదే గానీ ట్రూయింగ్ చేయడం, అంటే వీల్‌ను గుండ్రంగా సరిచేయడం, కష్టం. ఎలక్ట్రోప్లేటెడ్ వీల్‌లో ఉండేది రేణువుల పొర ఒక్కటే కాబట్టి దానికి ట్రూయింగ్ ఉండదు, ఆ పొర అరిగితే వీల్ పని అయిపోయినట్లే.

గ్రిట్ సంఖ్యల దగ్గర, అంటే రేణువు పరిమాణాన్ని చెప్పే సంఖ్యల దగ్గర, చాలామంది తికమకపడతారు. యూరప్ పద్ధతిలో డి126 (డైమండ్), బి126 (సీబీఎన్) అన్నప్పుడు ఆ సంఖ్య రేణువు పరిమాణాన్ని దాదాపు మైక్రాన్లలో చెబుతుంది; జల్లెడ కన్నాలను బట్టి లెక్కించే మెష్ పద్ధతిలో సంఖ్య పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. డి126 అన్నది 120/140 మెష్‌కు సమానం కావడంతో రెండు పద్ధతులూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది గానీ, అక్కడినుంచి అవి ఎదురుదిశల్లో సాగుతాయి. డి64 అంటే 230/270 మెష్. ఆర్డరులో ఏ పద్ధతిలో రాస్తున్నారో తప్పక పేర్కొనండి. కాన్సెంట్రేషన్ అంటే వీల్ మీది రేణువుల పొరలో రేణువులు ఎంత ఒత్తుగా ఉన్నాయన్న కొలత; 100 అంటే ఆ పొరలో ఘన సెంటీమీటరుకు 4.4 క్యారెట్ల రేణువులు, అంటే ఘనపరిమాణంలో నాలుగో వంతు. కప్ వీల్ లాగా జాబ్‌ను విశాలంగా తాకే వీల్‌కు 50 లేదా 75 సరిపోతుంది. అంచు ఆకారం నిలవవలసిన సన్నని వీల్‌కు 100 తీసుకోవడం మంచిది.

వీల్ ఎంపిక ఎంత బాగున్నా, బిగించే తీరు సరిగ్గా లేకపోతే ఖర్చంతా వృథా అవుతుంది. వీల్‌ను తిప్పే స్పిండిల్‌ను, వీల్‌ను పట్టి ఉంచే ఫ్లాంజ్ ముఖాలను శుభ్రంగా తుడిచి, వీల్‌ను కొద్దిగా బిగించి, డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పి చూడాలి. ఎత్తుగా ఉన్న వైపు చెక్క సుత్తితో మెల్లగా తట్టుతూ, రనౌట్ (తిరిగేటప్పుడు వీల్ అటూ ఇటూ ఊగే మేర) 0.02 మి.మీ. లోపలికి వచ్చాక పూర్తిగా బిగించాలి. తొందరపడి 0.1 మి.మీ. రనౌట్‌తో వదిలేస్తే, ఆ మేరకు పొరను ట్రూయింగ్‌లో పోగొట్టుకోవలసి వస్తుంది, 3 మి.మీ. మందం పొర ఉన్న వీల్‌లో అది ముప్పయ్యో వంతు, జాబ్‌ను ఒక్కసారైనా తాకకుండానే పోయిన భాగం. అందుకే ప్రతి వీల్‌కు సొంత ఫ్లాంజ్ ఉంచి, వీల్ పూర్తయ్యేవరకు దాన్నుంచి విప్పకపోవడమే మేలు.

ట్రూయింగ్‌కు మామూలు వీల్స్‌పై వాడే సింగిల్ పాయింట్ డైమండ్‌ను డైమండ్ వీల్ మీద పెట్టకూడదు, ఆ డైమండే అరిగిపోతుంది. బ్రేక్ ఉన్న ట్రూయింగ్ పరికరంలో సిలికాన్ కార్బైడ్ వీల్‌ను బిగించి వాడాలి. ముందుగా వీల్ ముఖమంతా మార్కర్‌తో రంగు పూసి, ఆ రంగు చుట్టూ పూర్తిగా పోయేవరకు కొనసాగిస్తే ఎప్పుడు ఆపాలో స్పష్టంగా తెలుస్తుంది. ట్రూయింగ్ అయిన వీల్ గుండ్రంగానే ఉంటుంది గానీ రేణువులూ బాండూ ఒకే మట్టంలో ఉండడంతో కోయదు. ఇక్కడే డ్రెస్సింగ్ కావాలి, అంటే బాండ్‌ను కొంత వెనక్కి తగ్గించి రేణువులను బయటపెట్టాలి. దానికి తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ స్టిక్, వీల్ రేణువుకంటే కొంచెం సన్ననిది, తడిపి ఆనించాలి. మొదట స్టిక్ నెమ్మదిగా అరుగుతుంది. బాండ్ వెనక్కి తగ్గి రేణువులు బయటపడగానే ఒక్కసారిగా వేగంగా అరగడం మొదలవుతుంది. అదే ఆపవలసిన క్షణం, ఆపైన చేసేదంతా మంచి రేణువులను ఊడగొట్టడమే.

వేగాన్ని లెక్కకట్టి చూసుకోవాలి. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని నిమిషానికి తిరిగే చుట్లతోను, 3.14తోను గుణించి 60,000తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. 150 మి.మీ. వీల్ 3,000 చుట్లు తిరిగితే సుమారు 23.6 మీటర్లు, కూలెంట్‌తో కార్బైడ్ చేసే రెజిన్ డైమండ్ వీల్‌కు అది తగిన వేగం. సీబీఎన్ ఇంకా ఎక్కువ వేగాన్ని కోరుకుంటుంది, కానీ వీల్ మీద ముద్రించిన గరిష్ఠ వేగాన్ని ఏ పరిస్థితిలోనూ దాటకూడదు. సర్ఫేస్ గ్రైండింగ్‌లో ఒక్కో పాస్‌కు 0.01 నుంచి 0.02 మి.మీ. లోతు సరిపోతుంది.

కూలెంట్ ఇస్తే ధారాళంగా ఇవ్వాలి, లేకపోతే పొడిగానే చేయాలి. అప్పుడప్పుడూ చల్లితే వేడెక్కిన కార్బైడ్ పగుళ్లిస్తుంది. అధిక వేడిలో నీటి ఆవిరి సీబీఎన్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి, మెషిన్ అనుమతిస్తే దానికి ఆయిలే మంచిది. పొడిగా చేసేటప్పుడు లేచే కార్బైడ్ ధూళిలో కోబాల్ట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హానికరం, కనుక ధూళిని పీల్చుకునే యంత్రం లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు.

పని మధ్యలో శబ్దం కీచుగా మారినా, జాబ్ మీద కాలిన మచ్చలు కనిపించినా ఫీడ్ పెంచి నెట్టకండి. వీల్ మూసుకుపోయిందని అర్థం, వెంటనే స్టిక్ పట్టాలి. వీల్‌ను తీసేటప్పుడు ఫ్లాంజ్‌తో సహా తీసి, తిరిగే దిశను బాణం గుర్తుతో రాసి, అంచు దేనికీ తగలకుండా విడిగా భద్రపరచండి.